దండేల మీద గుడ్డలు

ఆమె పెరిగింది వరస గదుల ఇంట్లో. అమ్మది ఒక భాష, నాన్నది ఇంకో భాష, గోడవతల పిన్నిది మూడోది. బళ్ళో పిల్లలు కలగూరగంప అని ఏడిపించేవాళ్ళు. ఏ గుమ్మంలో ఏ మాటంటే కసురుకుంటారో, ఏ మాటకి పీట వేస్తారో అప్పుడే ఒంటబట్టింది. ఆ గదుల్లోనే పిన్ని కొడుకు విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయాడు. పళ్ళొస్తున్నాయనుకున్నారు అందరూ. ఆరోగ్య శాఖలో చేరడానికి ఆమె ఇంకో కారణం వెతుక్కోలేదు.

ఇప్పుడు ఈ వీధిలో ముగ్గురు పసివాళ్ళు విరేచనాలతో ఆస్పత్రిలో పడ్డారు. ఆమె అనుమానం కుళాయి నీళ్ళ మీద. ఆమె పై ఆఫీసరు మనుషులు నూట పది ఇళ్ళు తిరిగి, ఇంకెవరికీ జబ్బు లేదని రాసుకొచ్చారు.

“ముగ్గురి కోసం నీళ్ళు కట్టేస్తే వీధంతా నా మీద పడుతుంది. సాయంత్రం వదలాల్సిందే,” అన్నాడు ఆఫీసరు.

“గుమ్మంలో నిలబడి జబ్బుందా అంటే ఎవరు చెప్తారు సార్? ఈ వీధిలో మా అమ్మ భాషవాళ్ళు పసివాళ్ళ విరేచనాల్ని జబ్బే అనరు. నాన్న భాషవాళ్ళు కొత్త మొహాలకి చెప్పరు.”

“మరి నువ్వెలా అడుగుతావ్?”

“అడగను.”

ఎండ మాడు పగలగొడుతుంటే పెరళ్ళ వెంట నడిచింది. దండేల మీద ఆరేసిన పసివాళ్ళ గుడ్డలు లెక్కపెట్టింది. వీధి మొదట్లో ఇంటికి నాలుగు, అయిదు. పైపు మురుగుకాలువ దాటాక పదిహేను, ఇరవై. ఒకచోట దుప్పటి చింపి ఆరేశారు.

“ఏమ్మా, గుడ్డలెత్తుకుపోతావా ఏంటి?” అని అరిచింది ఆ ఇంటి ముసలామె.

“లేదవ్వా. పొద్దుట్నించీ ఎన్నిసార్లు ఉతికావు?”

“అడక్కు తల్లీ, నడుం విరిగింది. మనవడికి పళ్ళొస్తున్నాయి.”

“ఎన్నో నెల?”

“మూడు.”

మూడో నెలలో పళ్ళేమిటి! ఆమె ముందు బిడ్డని ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపింది. తర్వాత వాల్వు దగ్గరికి పరుగెత్తింది. నీళ్ళు వదిలే అతను అప్పటికే మూత తీస్తున్నాడు.

“ఆగన్నా,” అని అక్కణ్ణించే ఆఫీసరుకి ఫోన్ చేసి లెక్కలు చదివింది.

అవతల ఆఫీసరు ఆ లెక్కలు మళ్ళీ చదివించుకున్నాడు.

“తప్పయితే నీ ఉద్యోగం పోతుంది.”

“పోనీండి. సంతకం పెట్టి ఇస్తా.”

“సరే, ఆపు. ట్యాంకరు పంపిస్తా.”

కాలువ కింద పైపు పగిలిందని మర్నాడు తవ్వితే తేలింది. ఆ సాయంత్రం మాత్రం ఆమె చేతిలో ఉన్నది గుడ్డల లెక్కే. బిందెలతో వచ్చినవాళ్ళు మూడు భాషల్లో తిట్టారు. ఎవరి భాషలో వాళ్ళకి నచ్చజెప్పింది. ట్యాంకరు వచ్చేదాకా ఆ వాల్వు మూత మీదే కూర్చుంది. లెమ్మంటే లేవలేదు.