రాణి రాని రోజు

ఆ ఆటలో గెలవాలంటే చెడ్డవాళ్లయి తీరాలి. ఆడేవాళ్లదే రాణి పాత్ర. ఒక కోటలో నిజాయితీకి పేరుపడ్డ మనుషుల్ని ఒక్కొక్కరినే మాటలతో మెత్తబరిచి, దారి తప్పించి, తన మనుషులుగా చేసుకోవడం ఆ రాణి పని. మొదట న్యాయాధికారి, తర్వాత వైద్యురాలు, చిట్టచివర సేనాపతి. పడకగది తెరలూ, సగంలో ఆగే మాటలూ ఉన్న ఆట కాబట్టి పెద్దలకు మాత్రమే అని ముందే నిర్ణయించుకున్నారు.

తయారు చేస్తున్నది ముగ్గురే. కళ్లజోళ్ల దుకాణం పైన, మూడో అంతస్తులో, రైలుపెట్టెలాంటి ఒక పొడవాటి గది. నియమాలూ మాటలూ రాసేది ఆమె. బొమ్మలు గీసేది ఆమె భర్త. వాటిని కంప్యూటర్లో కదిలించి ఆడించేది ఆమె మరిది. మరిదిని అందరూ బుల్లెట్టు అనేవాళ్లు. ఏ పనికి పిలిచినా కుర్చీలోంచి లేవడానికే అతనికి ఒక పూట పడుతుందని పెట్టిన పేరు అది.

ఆట ఎత్తుల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. కొత్తగా ఆడేవాళ్లందరూ ముందు మోజు పుట్టించే ఎత్తు మీద పడతారని ఆమె అనేది. రాణి పట్టుచీర సవరించుకుని సేనాపతి చెవిలో ఏదో గుసగుసలాడుతుంది. అవతలి మనిషి ఎంత లొంగాడో చూపే లొంగుబాటు ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత వైపు దూకుతుంది. ఆడేవాళ్లు చంకలు గుద్దుకుంటారు. తెల్లారేసరికి సేనాపతికి సిగ్గు ముంచుకొస్తుంది, ముల్లు మొదటికంటే వెనక్కి పోతుంది. భయం పెట్టినా అంతే. భయపడ్డవాడు ఎవరో ఒకరికి చెప్పుకుంటాడు, చెప్పుకోగానే తేలికపడతాడు.

"చిన్న సాయం అడగాలి," అనేది ఆమె. "కాదంటే తనకే మొహమాటంగా ఉండేంత చిన్నది. తర్వాత ఇంకొంచెం పెద్దది. ఆ మధ్యలో ఒక రహస్యం పంచుకోవాలి. అది చేతిలో ఉంటే మిగతా ఎత్తులన్నిటికీ రెట్టింపు బలం."

వీటన్నిటికంటే ఆమెకు ముద్దొచ్చే ఎత్తు ఇంకొకటుంది. దానికి 'రాణి రాని రోజు' అని పేరు పెట్టింది. వరసగా కొన్ని సాయంత్రాలు రాణి వస్తుంది, కూర్చుంటుంది, మాట్లాడుతుంది. ఆ తర్వాత ఒకరోజు రాదు. కబురు ఉండదు, కోపం ఉండదు, ఏమీ ఉండదు. అప్పుడు అవతలి మనిషే వెతుక్కుంటూ వస్తాడు. తనంతట తను వచ్చాడు కాబట్టి ఏం అడిగినా ఇచ్చుకుంటాడు. ఆ ఎత్తు గురించి చెప్పేటప్పుడల్లా ఆమె మొహం వెలిగిపోయేది. భర్త మాత్రం తల వంచుకుని రంగులు కలుపుకునేవాడు.

ఆ మధ్యాహ్నం ఆటను కొనే సంస్థ నుంచి ఒక మేడమ్ రావాల్సి ఉంది. అంతకుముందు చేసిన ఆట చతికిలబడింది. ఇది కూడా పోతే ఆ గది ఖాళీ చెయ్యడమే. సేనాపతి ఘట్టం కంప్యూటర్లోకి ఇంకా ఎక్కలేదు కాబట్టి, దాన్ని బల్ల మీద అట్టముక్కలతో ఆడి చూపించాలనుకున్నారు. ఆమె రాణి. భర్త సేనాపతి. మరిది నియమాల ప్రకారం ముల్లు తిప్పాలి. నాలుగైదుసార్లు సాధన చేసుకున్నారు కూడా. పొద్దున్నించీ భర్త ముక్తసరిగా మాట్లాడుతుంటే ఆమె కంగారనుకుంది.

మేడమ్ వచ్చింది. మంచినీళ్లు తాగింది. చేతిగడియారం తీసి బల్ల మీద పెట్టి, "కానివ్వండి," అంది.

"సేనాపతీ," అంటూ మొదలుపెట్టింది ఆమె, గొంతు తగ్గించి. "ఇవాళ నిన్నేం అడగడానికీ రాలేదు. కాళ్లు లాగుతున్నాయి. కాసేపిక్కడ కూర్చోనా?"

"కూర్చోండి," అన్నాడు భర్త. ముల్లు ఒక గీత కదిలింది.

రెండో సాయంత్రం రాణి వచ్చి, తను వచ్చి వెళ్తున్నట్టు దళంలో ఎవరికైనా తెలుసా అని అడిగింది.

"ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు," అన్నాడు సేనాపతి. ముల్లు మరో రెండు గీతలు జరిగింది. మేడమ్ కుర్చీ ముందుకు లాక్కుంది.

మూడో సాయంత్రానికి ఆమె బల్ల మీదుగా వంగి భర్త మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించింది. సాధనలో కూడా ఈ చోటికి రాగానే మరిది కళ్లు పైకప్పు వైపు తిప్పేసేవాడు. ఇప్పుడూ ఫ్యాను రెక్కలు చూడసాగాడు.

"నీలాంటివాడు కూడా ఎవరికీ చెప్పుకోలేనిది ఏదో ఒకటి ఉంటుంది," అంది. "నాకు చెప్పు. నాతోనే ఉంటుంది."

ఇక్కడ సేనాపతి, ఒకసారి యుద్ధంలోంచి భయపడి పారిపోయానని చెప్పాలి. అది ఆమె రాసిన మాటే. భర్త నోరు తెరిచి మళ్లీ మూశాడు. ఆమె వేళ్ల కింద అతని నాడి గబగబా కొట్టుకుంటోంది.

"వేరే కోట నుంచి కబురొచ్చింది," అన్నాడు. "వాళ్ల దగ్గర చేరమని. వస్తానని చెప్పేశాను. నాతో ఉండే మనిషికి మాత్రం ఇంకా చెప్పలేదు."

మరిది నవ్వబోయి, "ఇదెప్పుడు కలిపావన్నయ్యా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కొన్నాళ్లుగా భర్త ఫోను రాగానే మేడ మీదికి వెళ్తున్నాడు. ఎవరని అడిగితే పాత స్నేహితుడన్నాడు. పాత బొమ్మలన్నీ తీసి, మంచివి ఏరి పక్కన పెడుతున్నాడు. దేనికని అడిగితే దుమ్ము దులుపుతున్నానన్నాడు. ఇన్నాళ్లూ కళ్లెదుట ఉన్నదంతా ఒక్కసారి మీద పడ్డట్టయింది. అతను వెళ్లిపోతున్నాడు.

రాణి మాట్లాడాల్సిన వంతు. ఆమెకు నోరు పెగల్లేదు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ చేతిలో ఉన్న ముక్కల్లోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. రాణి రాని రోజు. చూసేవాళ్లకు అది ఎత్తు. నిజానికి ఆమె దగ్గర మాటల్లేక పెట్టిన ముక్క.

నియమం ప్రకారం ఇప్పుడు సేనాపతే వెతుక్కుంటూ వచ్చి మాట్లాడాలి. భర్త ఆ ముక్కను తన వైపు జరుపుకున్నాడు.

"మీరు రాలేదు," అన్నాడు. "నాకిది కొత్త కాదు రాణీ. నాతో ఉండే మనిషీ ఇంతే. పోట్లాడదు, గొంతెత్తదు. ఏదైనా నచ్చకపోతే మాట్లాడ్డం మానేస్తుంది. ఒకరోజు, రెండ్రోజులు. ఇల్లంతా బిగుసుకుపోతుంది. ఇంక ఆగలేక నేనే వెళ్లి ఏం కావాలో చెప్పమంటాను. అడిగింది నేనే కదా, ఎలా కాదంటాను? మొన్న మా అక్కకి ఆపరేషనయితే వెళ్దామనుకున్నా. వెళ్లొద్దని ఒక్క మాట కూడా అనలేదు. నేనే మానేశాను."

ముల్లు మీద మరిది చెయ్యి ఆగిపోయింది. ఆ అక్క అతనికీ అక్కే. ఆపరేషన్‌కి అతనొక్కడే వెళ్లాడు. అన్నయ్యకి జ్వరమని ఆవిడకి చెప్పింది అతనే.

"కానివ్వండి, ఆపకండి," అంది మేడమ్, ఊపిరి బిగబట్టి. ఆవిడకు ఇదంతా అద్భుతమైన నటన.

మరిది ముల్లు తిప్పాడు. ఎర్రగీతకు వెంట్రుకవాసి దూరంలో నిలిచింది. ఇంకొక్క మాట చాలు. ఆ మాటేమిటో ఆమెకు తెలుసు: 'ఆవిడకి చెప్పకు, ఇది మన మధ్యే ఉండనీ.' రహస్యం రాణి చేతిలోకొస్తుంది, బలం రెట్టింపవుతుంది, సేనాపతి పడతాడు. మేడమ్ చేతులు కలుపుతుంది. గది నిలుస్తుంది. మాట నాలుక చివర ఉంది. ఎదురుగా భర్త, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా, దవడ బిగించి కూర్చున్నాడు. ఆమె ఎప్పుడో ఒక రోజు ఇంట్లోనే అతన్ని ఇలా చూసింది. చాలాసార్లు చూసింది. చూసినప్పుడల్లా ఇంక ఒక్క ఎత్తేనని లోపల ఎక్కడో అనుకుంది కూడా.

"ఆవిడకి తెలిసిపోయింది," అంది. గొంతు రాణిది కాదు. "ఇంక దాచడానికేం లేదు. నీకు వెళ్లాలని ఉందా?"

"ఉంది," అన్నాడు భర్త.

బయటపడ్డ రహస్యం ముల్లును మొదటికి తెస్తుంది. అదీ ఆమె రాసిన నియమమే.

"వదినా... తిప్పెయ్యనా?" అన్నాడు మరిది నసుగుతూ.

"తిప్పెయ్."

మేడమ్ వెనక్కి వాలి, "అదేంటండీ, గెలిచే ఆటని చేజేతులా పోగొట్టారు?" అంది.

"రాణి తప్పు ఎత్తు వేసిందండీ," అంది ఆమె.

"సరే, అది మీ ఇష్టం. నా దగ్గరికొచ్చే ఆటల్లో అవతలివాడు బొమ్మలా నిలబడి ఉంటాడు, నొక్కితే పడతాడు. మీ సేనాపతి రాణికే ఎదురు చెప్పాడు. అది ఆటలో ఉంటుందా? లేక ఈయన కూర్చుంటేనేనా?"

భార్యాభర్తలిద్దరూ బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మరిది అందరికంటే ముందు కదిలాడు.

"ఉంటుందండీ," అన్నాడు. "పెట్టి పంపిస్తాం."

"పంపండి, చూసి చెప్తా," అంటూ మేడమ్ గడియారం పెట్టుకుని లేచింది.

ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగాక మరిది వదిన వైపు చూడకుండానే, "అక్క ఆపరేషన్ గదిలోకెళ్లే ముందు కూడా తలుపు వైపే చూసింది వదినా, అన్నయ్య వస్తాడేమోనని. నేను జ్వరం తగ్గలేదన్నా," అన్నాడు. తర్వాత ఫ్లాస్కు తీసుకుని, "టీ తెస్తా," అని కిందికి వెళ్లిపోయాడు. ఫ్లాస్కులో టీ నిండుగానే ఉంది.

ఆమెకు ముందు కోపమే వచ్చింది.

"పరాయి మనిషి ముందా చెప్పేది? ఇంట్లో నోరు లేదా?"

"ఇంట్లో చెప్తే నువ్వు మాట్లాడ్డం మానేస్తావు. నేను మళ్లీ ఒప్పేసుకుంటాను. ఇక్కడైతే వాడున్నాడు, ఆవిడుంది. నువ్వు లేచి వెళ్లిపోలేవు."

ఆమె పెదవులు బిగుసుకున్నాయి. కిటికీ వైపు తిరగబోయింది. ఆ తిరగడంలోనే తనేం చేస్తోందో ఆమెకు అర్థమైంది. ఒళ్లు దానంతటదే చేసేస్తోంది. బలవంతాన మళ్లీ అతని వైపు తిరిగింది. ఏం మాట్లాడాలో తెలియకపోయినా మాట్లాడింది.

"కావాలని చేశానా అంటే, మొదట్లో కాదు. నాకు నిజంగానే మాట వచ్చేది కాదు. మా ఇంట్లో అందరం అంతే. నువ్వొచ్చి బతిమాలేవాడివి. బాగుండేది."

"తర్వాత?"

"తర్వాత... పనిచేస్తోందని తెలిసింది."

"తెలిశాక ఆటలో పెట్టావు."

"పెట్టాను."

"పెట్టి, ఎంత మంచి ఎత్తో అని నాకే చెప్పావు. ఎన్నిసార్లు చెప్పావో! నీకు తెలిసే అంటున్నావా, తెలియకే అంటున్నావా అని నేను రాత్రుళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాను."

ఆమె ఈసారి అతని వైపే చూస్తూ అంది: "దానికి నా దగ్గర జవాబు లేదు." కళ్లు తుడుచుకుంది. "నన్నొదిలేసి వెళ్తున్నావా?"

"ఉద్యోగానికి వెళ్తున్నా. ఇంట్లోంచి వెళ్తానని నేనన్నానా? నువ్వింకో ఎత్తు వెయ్యకుండా ఉంటే బయల్దేరేది ఉద్యోగానికే."

అది బెదిరింపో, మాట ఇవ్వడమో ఆమెకు తేలలేదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు.

ఆ వారాంతం ఆమె ఆడపడుచు ఇంటికి ఒక్కతే వెళ్లింది. బస్సులో వెళ్తూ ఎన్నో మాటలు కూర్చుకుంది కానీ, తీరా ఎదురుగా నిలబడ్డాక ఒక్కటే చెప్పగలిగింది.

"మీ తమ్ముడికి జ్వరం రాలేదు వదినా. నేనే రానివ్వలేదు. నోటితో అనలేదు, అంతే."

ఆడపడుచు, "తెలుసు. మా వాడికి జ్వరమొస్తే ఫోను చేసి మరీ మూలుగుతాడు," అంది. తర్వాత "కూర్చో," అంది. నవ్వలేదు. వెళ్లొస్తానన్నప్పుడు గుమ్మందాకా రాలేదు కూడా.

భర్త కొత్త చోట చేరాడు. ఆటకు మిగిలిన బొమ్మలు సెలవు రోజుల్లో గీసి ఇచ్చాడు. ఆమె నియమాలు తిరగరాసింది. తన ముద్దుల ఎత్తును తీసెయ్యలేదు. దాన్ని తీస్తే ఆట చప్పబడుతుందని ఆమెకు తెలుసు. కానీ రాణి రాని రోజున అవతలి మనిషి కూడా రాకుండా ఉండిపోవచ్చని రాసింది. రాణి కోసం అతను రాకపోతే, రాణి బలమే మెల్లమెల్లగా కరగడం మొదలవుతుంది. ఆ ఒక్క మార్పుతో సేనాపతి ఘట్టం ఆడేవాళ్లకు చెమటలు పట్టించేలా తయారైంది. మేడమ్ చాలా సతాయించి, పడకగది తెరల్లో ఒకటి రెండు మార్పించి, చివరికి ఆటను తీసుకుంది. మరిది ఆ కబురు మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చి చెప్పాడు. చెప్పాక ఆయాసంతో కూలబడిపోయాడు.

ఆ సాయంత్రం భర్త ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఆమె వంటింట్లోంచి పిలిచింది.

"రేపు పొద్దున మేడమ్ ఆఫీసుకి వెళ్లాలి, సంతకాలకి. నువ్వు కూడా వస్తే బాగుంటుంది నాకు. కుదరకపోతే కుదరదని చెప్పు."

అతను రెండో చెప్పు చేత్తో పట్టుకుని ఆలోచించాడు.

"కుదరదు," అన్నాడు. "రేపు నాక్కూడా పనుంది."

ఆమె మనసు చివుక్కుమంది. పాత దారి ఎదురుగా తలుపు తెరిచి పెట్టినట్టు కనిపించింది. గరిటె గిన్నెలో పెట్టి, నాలుగడుగులు వేసి అతని ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు వస్తావనుకున్నాను. బాధేసింది," అంది. "అయినా సరే. నీ పనేంటో చెప్పు, వింటాను."

అతను మెల్లగా గోడవారగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. మధ్య మధ్యలో ఆమె మొహం వైపు చూస్తూనే ఉన్నాడు, నమ్మాలో వద్దో ఇంకా తేలక.