వదిన తెచ్చిన నకలు

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆఫీసులో ఇంకా ఎవరూ సర్దుకుని కూర్చోలేదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులను వెచ్చగా ఉంచే పెట్టెలకు ప్రోగ్రాం రాసే చిన్న కంపెనీ అది. ఆసుపత్రిలోని పాత పెట్టెల్లో వేడి తగ్గినా అలారం మోగడం లేదట. నర్సులు పక్కనే నిలబడి, పిల్లల ఒళ్లు చేత్తో తాకి చూసుకుంటున్నారట.

“సాయంత్రంలోగా సరిచేసి పంపకపోతే మీ పెట్టెలన్నీ వీధిలో పడేయిస్తా” అని అక్కడి ఇంజనీరు ఫోన్ పెట్టేశాడు.

కంపెనీ యజమాని అన్న. ప్రోగ్రాం రాసేవాళ్లకు పై అధికారి ఆయన భార్య. సర్వర్లు చూసుకునేది ఆయన చెల్లెలు. ఆఫీసంతా ఆమెను సర్వరమ్మ అంటారు. ముగ్గురిదీ ఒకే ఇల్లు. వదినా ఆడపడుచులు ఒకే బల్ల దగ్గర తింటారు గానీ, ఉప్పు కావాలన్నా ఆయన చేత అడిగించుకుంటారు.

ఆ పాత పెట్టెలకు కొత్త ప్రోగ్రాం పనికిరాదు. అప్పటి ప్రోగ్రాంనే బయటికి తీసి, తప్పు దిద్ది పంపాలి. కంపెనీ మొదటి రోజు నుంచి రాసినదంతా, ప్రతి మార్పుతో సహా, సర్వర్లో ‘రిపో’ అనే ఒకే చోట భద్రంగా ఉంటుంది. ఉందనే అందరూ అనుకున్నారు. తీరా వదిన పాత ప్రోగ్రాం తియ్యబోతే అది సగంలో ఆగి, సమాచారం చెడిపోయిందని తెరమీద ఎర్రగా రాసింది.

వదిన సర్వర్ల గది తలుపు తోసుకుని వచ్చింది.

“ఏం చేశావ్ రిపోని?”

“నేనేం చెయ్యలేదు.”

“మరి తనని తానే తినేసిందా? ఈ గది తాళాలు నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరున్నాయి?”

“కాస్త అరుపులు ఆపితే పరీక్ష పెడతా వదినా. మీ గొంతుకు భయపడి సర్వరు నిజం చెప్పదు.”

రిపోలో దాచిన ప్రతి ముక్కకూ, అందులోని అక్షరాలను బట్టి కట్టిన ఒక ముద్ర ఉంటుంది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. సర్వరమ్మ మొదలుపెట్టిన పరీక్ష ఒక్కో ముక్కనూ తెరిచి, ముద్రను మళ్లీ కట్టి, పాతదానితో పోల్చుకుంటూ పోయింది. వదిన కుర్చీ ఉన్నా కూర్చోలేదు. చేతులు కట్టుకుని, సర్వరమ్మ మెడ వెనకే నిలబడింది. చల్లటి గాలి యంత్రం హోరులో కూడా ఆమె విసురుగా ఊపిరి వదలడం వినిపిస్తూనే ఉంది.

చాలాసేపు అన్నీ కలిశాయి. తరవాత ఒకటి కలవలేదు. దాని వెనకే మరికొన్ని. పాత పెట్టెల ప్రోగ్రాం ఉన్నచోటే గుంటలు పడ్డాయి.

“డిస్కు పోతోంది” అంది సర్వరమ్మ. “మనిషి చెరిపితే ఇలా అక్కడక్కడా పోదు.”

“బ్యాకప్ తియ్యి.”

తీసింది. పరీక్షించింది. అక్కడా అవే గుంటలు. చెడిపోతున్న డిస్కు నుంచి చెడిన ముక్కల్నే ఆ బ్యాకప్ నమ్మకంగా నకలు తీసుకుంటూ వచ్చింది.

“ఇన్నాళ్లూ ఒక్కసారైనా చూసుకోలేదా నువ్వు?”

సర్వరమ్మ కుర్చీ తిప్పింది. “వారం వారం చూసేదాన్ని. మీ వాళ్ల పని నెమ్మదిస్తోందని, అందరి ముందూ ఆపమన్నది ఎవరు?”

“ఆపమంటే చేతులు ముడుచుకు కూర్చున్నావా? సెలవు రోజు చేసుకోవచ్చుగా!”

“చేసుకోవచ్చు. మీరు వద్దన్నారుగా, ఒళ్లుమండి మానేశా.”

అప్పటికి అన్న వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “మీ ఇద్దరి కక్షలకి అక్కడ పిల్లలు చల్లబడిపోతున్నారు!” అని గోడ మీద గుద్దాడు. తరవాత గదిగదికీ తిరిగి, ఎవరి లాప్‌టాప్‌లోనైనా రిపో పూర్తి నకలు ఉందేమో అడిగాడు. ఈమధ్యే అందరికీ కొత్తవి ఇచ్చి, పాతవాటిలో ఉన్నదంతా చెరిపేశారు. ఎవరి దగ్గరా లేదు.

వదిన కాసేపు తన బల్ల దగ్గర గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. హఠాత్తుగా లేచి బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయింది. తిరిగి వచ్చి, సర్వరమ్మ కీబోర్డు మీద ఒక చిన్న డిస్కు పడేసింది.

“ఇందులో చూడు.”

“ఎక్కడిది?”

“అడిగింది చెయ్యి.”

సర్వరమ్మ ముందు దాన్ని కూడా పరీక్షించింది. మొదటి ముక్క నుంచి చివరిదాకా ముద్రలన్నీ కలిశాయి. ఆ సంతోషంలోనే, వాటి మీద కొత్తగా చేసిన మార్పులు కంటబడ్డాయి. ప్రతి ఫైలు తలమీదా అన్న కంపెనీ పేరు తీసేసి, ఎన్నడూ వినని మరో పేరు పెట్టి ఉంది. మార్పులన్నీ వదినవే.

ఆమె తలెత్తింది. వదిన ఆమె కళ్లలోకే చూస్తోంది.

ఒక్క కేక వేస్తే చాలు, అన్న పరిగెత్తుకొస్తాడు. ఆ కేక గొంతుదాకా వచ్చింది కూడా. సర్వరమ్మ దాన్ని మింగి, సర్వర్లోని రిపోను కొత్త డిస్కులోకి మార్చి, గుంటల్లో వదిన నకలులోని మంచి ముక్కలు నింపింది. మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి పాత ప్రోగ్రాం ఆగకుండా బయటికి వచ్చింది. వదిన పక్క కుర్చీ లాక్కుని కూర్చుని తప్పు దిద్దింది. ఇద్దరూ పనికి కావలసిన మాటలు తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

పొద్దు వాలకముందే ఆసుపత్రి ఇంజనీరు ఫోన్ చేశాడు. అలారం మోగుతోందట. పిల్లలందరూ బాగున్నారట. థాంక్స్ చెప్పకుండానే పెట్టేశాడు.

“ఇంతకీ ఆ నకలు ఎక్కడ దొరికింది?” అన్నాడు అన్న.

సర్వరమ్మ నోరు తెరిచింది. ఈలోగా వదినే చెప్పేసింది. “నేను దాచుకున్నా. సొంతంగా కంపెనీ పెట్టుకుందామని. నీ ఆఫీసు నుంచీ, నీ ఇంట్లోంచీ కూడా వెళ్లిపోదామని.”

అన్న మొహం నల్లబడింది. “దొంగతనం చేశావా?”

“చేశా కాబట్టే దొరికింది.”

ఆయన చెల్లెలివైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“మధ్యాహ్నం నుంచి.”

“తెలిసీ నాకు చెప్పలేదా?”

“చెప్తే నువ్వు ఆ డిస్కును గోడకేసి కొట్టేవాడివి అన్నయ్యా. ముందు పిల్లల పని కావాలనుకున్నా.”

ఆయన ఇద్దరినీ తిట్టాడు. డిస్కు బీరువాలో పెట్టి తాళం వేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. తరవాత చాలా రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. భార్యతో లాయరు ద్వారానే మాట్లాడాడు.

ఆ సాయంత్రం వదిన తన సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి సర్వరమ్మ అక్కడే ఉంది.

“నువ్వు చెప్పేస్తావనుకున్నా” అంది వదిన.

“చెప్పేదాన్నే. మీరే ముందు చెప్పేశారు.”

“ఆ అవకాశం పోయిందని బాధగా ఉందా?”

“చాలా.”

వదిన నవ్వబోయి ఆపుకుంది. పెట్టె బరువుగా ఉంది. సర్వరమ్మ సాయం పట్టలేదు. దారి మాత్రం వదిలింది.