చొక్కా కొస

డెబ్బై దాటాక ఆర్వోకి కొత్త తుపాకీ కొనాల్సిన అగత్యం పట్టింది. దుకాణానికి తన బండిలో ఎక్కించుకొచ్చినవాడు తమ్ముడు సులో. దుకాణం లెంపీది. మేకులు, మంచు పారలు, చేపల గాలాలు, తుపాకులు అన్నీ అక్కడే దొరుకుతాయి. వెనక గదిలో ఆమె మొగుడు హ్యారీ, వేటగాళ్ళు తెచ్చిన దుప్పుల్ని కోసి మాంసం పొట్లాలు కట్టి ఇస్తాడు. ఇంకో వారంలో వేట మొదలు. మిషిగన్ ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊళ్ళలో ఆ రోజు పిల్లల బడి కూడా మూసేస్తారు.

పోయినేడు ఆర్వో గురి తప్పాడు. తోటి వేటగాళ్ళందరూ అన్న మాట అదే, ఆయన నమ్మిన మాటా అదే.

దేవదారు చిత్తడిలో కూలిపడిన ఒక పెద్ద మొద్దు ఉంది. అది ఒకప్పుడు తండ్రి కూర్చున్న చోటు, తరవాత ఆర్వోది. అక్కడ ముప్పై అడుగుల అవతల ఏముందో కనపడదు. దుప్పి వచ్చిందంటే ఒళ్ళోకి వచ్చినట్టే. ఆ ఉదయం ఒక కొమ్ము వంకరగా కిందికి దిగిన పెద్ద దుప్పి వచ్చింది. ఆర్వో పేల్చాడు. అది ఎగిరి కొమ్మల్లోకి దూకి మాయమైంది. కాసేపటికి సులో వైపు నుంచి ఇంకో పేలుడు వినిపించింది. ఆర్వో పడుతూ లేస్తూ వెళ్ళేసరికి దుప్పి పడి ఉంది, పక్కనే సులో నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"జాడ పట్టుకుని నీ మొద్దు దాకా వెళ్ళి చూసొస్తానుండు," అన్నాడు సులో. వెళ్ళాడు, వచ్చాడు. "ఒక్క చుక్క నెత్తురు లేదన్నా. గాలిని కొట్టావు." అప్పటికి మంచు జోరందుకుంది. జాడలన్నీ కప్పేసింది.

వాళ్ళ వేట గుడిసెలో తండ్రి కాలం నుంచి రెండే రెండు నియమాలు. మొదటి నెత్తురు ఎవరు చూపిస్తే దుప్పి వాళ్ళది, ఆఖరికి పడగొట్టింది ఎవరైనా సరే. గురి తప్పినవాడికి మాత్రం చొక్కా వెనక కొస కత్తిరించి గోడకి మేకుతో దిగ్గొడతారు. ఆ రాత్రి ఆవిరి స్నానాలయ్యాక సులోయే చేపల కత్తెర పట్టుకున్నాడు. చచ్చిపోయిన పెళ్ళాం హెల్మీ కుట్టిన గళ్ళ ఉన్ని చొక్కా అది. ఇది ఆమె గుర్తు, వేరే చొక్కా వేసుకొస్తానని అడగబోయి, నవ్వుతారని ఊరుకున్నాడు ఆర్వో. అందరితో పాటు తనూ నవ్వాడు. గోడ మీద పైన వంకర కొమ్ములు, కింద ఆ గళ్ళ గుడ్డ.

ఆ రోజు నుంచి ఆయనలో ఏదో విరిగింది. ముందు కళ్ళను అనుమానించాడు. తరవాత చేతుల్ని. చీకటి పడితే బండి నడపడం మానేశాడు. ఒంటరిగా అడవిలోకి వెళ్ళడం మానేశాడు. సీసం కరిగించి తూటాలు పోసుకునే అచ్చును ఎవరికో ఇచ్చేశాడు. వేసవిలో చెరువు చూడ్డానికి వచ్చిన ఊరూ పేరూ తెలియని ఒకాయన అడిగితే, తండ్రి వాడిన, కింది పిడి తోసి తూటా ఎక్కించే లీవర్ తుపాకీ కూడా అమ్మేశాడు. మొద్దు సులోకి ఇచ్చాడు. ఈసారి ఒక తేలికైన తుపాకీతో గుడిసె దగ్గరి బాట పక్కన కూర్చుంటాడు. మళ్ళీ తప్పితే ఇక వేటగాడు కాడు, కాఫీ కాచే ముసలాడు. అంత తేలాల్సి ఉంది ఆ తుపాకీతో.

"దీన్ని చూడు," అని సులో ఒకటి అందించాడు. పొడుగు గొట్టం, బరువు. ఆర్వో భుజానికి ఆనించి దించేశాడు.

"చెట్ల మధ్య తిప్పలేం రా. కొమ్మలన్నీ పట్టుకుంటాయి."

"నిజమేలే. ఇది మోసుకెళ్తే దుప్పే జాలిపడి నిన్ను ఇంటికి మోసుకొస్తుంది." సులో ఇంకోటి తీశాడు. "పోనీ, దీనికి దుర్భిణి పెట్టించుకో. ఈ వయసులో సిగ్గెందుకు?"

"ముప్పై అడుగుల్లో దుర్భిణి పెడితే బొచ్చు తప్ప ఏం కనపడుతుంది? నువ్వు పెట్టుకుంటావు, నువ్వు కూర్చునేది పొలం గట్టు."

"ఇప్పుడు మొద్దు కదన్నా నాది."

ఆర్వో మూడోది అందుకున్నాడు. పొట్టిది, సాదాది. లీవర్ ఒకసారి కిందికి తోసి వెనక్కి లాగాడు. చెయ్యి దానంతటదే చివరి దాకా వెళ్ళింది. కంగారులో సగంలో వదిలితే తూటా ఇరుక్కుంటుందని చిన్నప్పుడు తండ్రి మొట్టిన మొట్టికాయలు ఇంకా పనిచేస్తున్నాయి. చాలా రోజులకి ఆయన ముఖంలో కొంచెం వెలుగొచ్చింది.

లెంపీ కాఫీ, ఏలకుల రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. "అది మీ చేతికి బాగుంది పెద్దాయనా. తూటాలు కొంటారా, మళ్ళీ సీసం మీరే పోసుకుంటారా?"

"అచ్చు ఇచ్చేశానమ్మా. నా తూటాలు గాలికి తప్ప దేనికీ తగలవు."

"అదేం మాట? ఉండండి." ఆమె సొరుగు లాగి ఒక చిన్న డబ్బా తీసింది. "నిరుడు ఆ వంకర కొమ్ము దుప్పి భుజం ఎముకలో దొరికింది. ఈ చుట్టుపక్కల ఉత్త సీసం వాడేది మీరే కదా అని హ్యారీ కడిగి దాచాడు. అప్పుడే సులోకి చెప్పాడు. ఇప్పటికి ఉంచండి, తరవాత నేనే తీసుకెళ్ళి అన్నకి ఇస్తానని సులో అన్నాడు. మరిచిపోయినట్టున్నావు కదూ సులో?"

ఆర్వో దాన్ని అరచేతిలో వేసుకున్నాడు. సీసపు ముద్ద, ముక్కు చదును. లీవర్ తుపాకీలో తూటాలు నిలవుండే కింది గొట్టంలో అవి ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. మొన తేలితే వెనకది గుచ్చుకుని ముందుదాన్ని పేలుస్తుంది. అందుకని చదునుగానే పోసుకునేవాడు. సులో తూటాలకి సూది మొన, పైన రాగి తొడుగు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒక సీసపు ముద్ద పట్టేసింది.

సులో తేలు కుట్టిన దొంగలా గోడ మీది గాలాలు చూస్తున్నాడు. లెంపీకి ఏదో తప్పు మాట్లాడానని తెలిసింది, ఏమిటో తెలియలేదు. కాఫీ కెటిల్ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"నెత్తురు చూశావా?" అన్నాడు ఆర్వో.

సులో నీళ్ళు నమిలాడు. "అన్నా, ఒక్క దుప్పి గురించి..."

"చూశావా?"

"చూశాను. నీ మొద్దు దగ్గర్నుంచి నా దాకా. ఎలాగూ చచ్చేదే, నా ముందుకొచ్చి పడింది. నేనొకటి కాల్చాను."

"కత్తెర కూడా నువ్వే పట్టుకున్నావు."

"ఏం చెయ్యమంటావు? నలభై ఏళ్ళు ఆ మొద్దు మీద నువ్వే. గోడ నిండా నీ కొమ్ములే. నాకూ ఒక్కటి ఉంటే బాగుండుననిపించింది. నువ్వు తుపాకీ అమ్మేస్తావని నేనేమన్నా కలగన్నానా?"

"అమ్మే రోజు నా పక్కనే ఉన్నావు కదరా."

ఆర్వోకి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఏడాదంతా అద్దం ముందు నిలబడి తన కళ్ళను తనే తిట్టుకున్నాడు. వాటికి క్షమాపణ చెప్పుకోవాలనిపించింది.

"ఒక్క మాట అడిగుంటే ఇచ్చేవాణ్ణి సులో. కొమ్ములూ ఇచ్చేవాణ్ణి, మొద్దూ ఇచ్చేవాణ్ణి."

"ఇస్తావని తెలుసు," అన్నాడు సులో. "నువ్విస్తే తీసుకోవడమే నాకు కష్టం."

లెంపీ తిరిగొచ్చి ఏ తుపాకీ తియ్యమంటారని అడిగింది. ఆర్వో పొట్టిదాన్ని చూపించాడు. "ఇదే కట్టమ్మా. ఏదైనా ఒకటే. నా తుపాకీ పోయింది." సీసపు ముద్దను చొక్కా జేబులో వేసుకున్నాడు. సులో మోస్తానని చెయ్యి చాపితే తుపాకీ ఇవ్వలేదు.

వచ్చింది సులో బండిలో కాబట్టి వెళ్ళడమూ అందులోనే. తమ్ముణ్ణి ఛీకొట్టి నడిచి పోవడానికి ఇల్లు దగ్గర కాదు, మోకాళ్ళు మంచివీ కావు. తుపాకీ ఇద్దరి మధ్యా నిలబెట్టుకుని కూర్చున్నాడు ఆర్వో. బండి మలుపు దాటింది.

"గుడిసెలో అందరికీ నేనే చెప్తాలే," అన్నాడు సులో. "కొమ్ముల కింద నీ పేరు రాస్తాను. ఆ గుడ్డ ముక్క పీకేసి నీకు ఇచ్చేస్తాను. వదిన కుట్టింది కదా."

"కొమ్ములు నీ ఇష్టం. గుడ్డ ముట్టుకోకు."

"ఎందుకన్నా?"

"గురి తప్పానన్నది నిజమే. దుప్పి విషయంలో కాదు."

సులో ముందుకు వంగి బండి నడుపుతున్నాడు. చలిగా ఉందా, వేడి పెంచమంటావా అని అడిగాడు. ఆర్వో అక్కర్లేదన్నాడు.