చూపుకు మూసి, ఎండకు తెరిచి

నేను ఒక కిటికీని. రెండు అద్దాల నడుమ సన్నని రేకు పలకల తెరతో పుట్టాను. పక్కనున్న మర తిప్పితే పలకలన్నీ పైకో కిందికో వాలుతాయి. ఎండను ఆపడానికే నన్ను చేశామని ఫ్యాక్టరీలో చెప్పుకున్నారు. కొన్నవాళ్లెవరూ ఎండ గురించి ఆలోచించిన పాపాన పోలేదు. అందుకే మర మీద చేయి పడితే చాలు, ఎవరిని చూడ్డానికో, ఎవరి కంట పడకుండా దాచడానికో అనుకుంటాను.

బెంగళూరులో ఒక మేనేజరు నా సందుల్లోంచి గుమాస్తాలను కనిపెట్టేవాడు. ఆ ఆఫీసు మూతపడ్డాక పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కణ్ణుంచి హిందూపురం దగ్గరి పల్లెకు ఓబులేసు తెచ్చి, మేడ మీద పట్టుపురుగుల గదిలో పడమటి గోడకు బిగించాడు.

ఓబులేసుకు ఎండ భయం లేదు, దిష్టి భయం. పురుగు మేసేటప్పుడు పరాయి చూపు పడకూడదంటాడు. కింద బాటలో నీళ్లకు వెళ్లే ఎదురింటి గంగులమ్మ మీద మరీ అనుమానం. ఆమె పురుగులు పోయిన నెలే చచ్చిపోయాయి. అందుకని బాటలోంచి ఏమీ కనబడకుండా పలకల బయటి అంచులు పైకెత్తి పెట్టాడు. కింది చూపు ఆగింది. పైనుంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా లోపలికి దిగింది. చెబుదామంటే నాకు నోరు లేదు.

పురుగులు మేత మానేశాయి. కొన్ని తట్టల్లోనే వాడిపోయాయి. ఈ పంట దక్కకపోతే మల్బరీ తోట వదులుకోవాల్సిందే. ఓబులేసు మేడ మీంచి బాటలోకి అరిచాడు.

"గంగులక్కా, నీ పంట పోయిందని నా పురుగు మీద కండ్లు పెట్టినావా? ఇంక ఈ పక్క తలెత్తొద్దు."

"నేనేం చూసినానప్పా," అంది ఆమె. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

అతని భార్య సుంకమ్మ ఆకు వేస్తూ నా అద్దానికి చేయి ఆనించి చప్పున తీసేసింది.

"ఇది పెనం మాదిరి కాల్తాంది. వీటికి తగిలింది చూపు కాదు, ఎండ."

ఆమె మర పట్టుకుంటే ఈమె ఎవరి కంట పడకుండా దాస్తోందో అనుకున్నాను. పలకల బయటి అంచులను కిందికి వాల్చి, గదిలో తడి గోనెలు కట్టింది. సాయంత్రానికి మిగిలిన పురుగులు ఆకు కొరికే చప్పుడు మొదలైంది.

ఇప్పుడు బాటలోంచి అంతా కనబడుతుందని ఓబులేసు గునిశాడు. తేల్చుకుందామని కిందికి దిగి, గంగులమ్మ నడిచే చోటే నిలబడి పైకి చూశాడు. నా సందుల్లోంచి గది పైకప్పు, దాని మీద ఒక బల్లి కనిపించాయి. ఒక్క తట్టయినా కనబడలేదు. అక్కణ్ణుంచే గంగులమ్మ వాకిటికి వెళ్లి, "తప్పయిపాయ అక్కా," అని చెప్పి వచ్చాడు.

పంట దక్కింది. నా పలకలు బాట వైపే వాలి ఉన్నాయి. గంగులమ్మ ఒక్కసారి ఇటు చూస్తే బాగుండునని నాకు ఉంది. ఆమె రోజూ బిందెతో వెళ్తుంది, వస్తుంది. తల మాత్రం ఎత్తదు.