మళ్ళీ పాత పేరే

కంప్యూటరు మళ్ళీ పాత పేరే చెప్పింది.

లోకేశ్వరి కుర్చీ అంచున కూర్చుని తెర మీది ఆ వరసను ఇంకోసారి చదివింది. ఎన్నిసార్లు చదివితే మాత్రం మారుతుందా? ఆమె తయారుచేసిన కొత్త కెర్నల్ కాదది, పాతదే.

వడమాలపేట దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో, వాళ్ళ ఇంటి ముందుగదే పాలకేంద్రం. పొద్దునా సాయంత్రం ఆడవాళ్ళు క్యాన్లు మోసుకొచ్చి పాలు పోస్తారు. వెన్న ఎంతుందో మిషన్ చెబుతుంది. ఆ లెక్కను కంప్యూటరు అందుకుని డెయిరీ ఆఫీసుకు పంపుతుంది. ఇన్నేళ్ళూ ఆ రెండూ మొగుడూ పెళ్ళాల్లా సర్దుకుపోయాయి. మొన్న వానల్లో కంప్యూటరు చెడిపోతే పుత్తూరు నుంచి మెకానిక్ ధనంజయ వచ్చి, లోపల కొత్త డిస్కు పెట్టి, కొత్త సిస్టం ఎక్కించి పోయాడు. అప్పటినుంచి మిషన్ వైరు తగిలించే కార్డును కంప్యూటరు గుర్తుపట్టడం మానేసింది. అలాంటి కార్డు తిరుపతిలో ఏ షాపులోనూ ఇప్పుడు దొరకదు.

అమ్మ మునిలక్ష్మి చేత్తోనే రాసి పంపుతూ నెట్టుకొచ్చింది. పోయిన వారం డెయిరీ సూపర్‌వైజరు బాలసుబ్రమణ్యం వచ్చి చెప్పాడు.

"చేతిరాత ఇంక చెల్లదు మునిలచ్చిమమ్మా. సోమవారానికి కంప్యూటర్లో లెక్క రాకపోతే మిషన్ని పక్కూరికి మార్చేస్తాం. నా చేతుల్లో ఏం లేదు."

ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. పాలకేంద్రం రాకముందు ఆమెను ఊళ్ళో ఫలానావాళ్ళ కోడలనే పిలిచేవాళ్ళు. కేంద్రం వచ్చాకే ఆమెకంటూ ఒక పేరుందని ఊరికి తెలిసింది. పాలకేంద్రం మునిలక్ష్మి అంటే బస్సు కండక్టరు కూడా దారి చెబుతాడు.

లోకేశ్వరి తిరుపతిలో డిప్లొమా చదువుతోంది. నలుగురిలో నోరు తెరవదు. హాస్టల్లో సీనియర్ శ్రీకరి అక్కను అడగడానికి కూడా రెండు రోజులు గుమ్మం దగ్గరే తచ్చాడింది. విషయం విన్నాక శ్రీకరి, "కార్డు బాగానే ఉంటుంది. కెర్నలే దాన్ని వదిలేసింటుంది" అంది. కంప్యూటరు లోపలి వస్తువుల్లో ఎవరి మాట వినాలో, ఎవరిది వినకూడదో తేల్చే పెద్దమనిషి కెర్నల్. ఆ కార్డు మాట కూడా వినేటట్టు కొత్త కెర్నల్ మనమే తయారుచేసుకోవచ్చని నేర్పించింది. కంప్యూటరు ఆన్ అయినప్పుడు తెర మీద కనిపించేందుకు దానికి ఏదో ఒక పేరు పెట్టాలట. లోకేశ్వరి ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ పేరు పెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

సెలవు పెట్టి ఊరికి వచ్చింది. ఆ ముసలి కంప్యూటరు మీద కెర్నల్ తయారవడానికి ఒక పగలంతా పట్టింది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి. తీరా అంతా అయ్యాక ఆపి, ఆన్ చేసి చూస్తే పాత పేరే.

ఎక్కడో తప్పు చేశాననుకుని ఇంకోసారి తయారుచేసింది. పాతదే వచ్చింది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కనిపించే వరసలో ఒక అక్షరం మార్చి చూసింది. తెర మీద ఆ అక్షరం కూడా మారలేదు. రాసిన చోట రాసింది రాసినట్టే ఉంది. కానీ కంప్యూటరు దాన్ని చూడనే చూడదు. ఎదురుగా నిలబడి పిలుస్తున్నా ఎటో చూసే మనిషిలాగా.

సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన మునెమ్మ తొంగిచూసింది.

"ఏమ్మే లోకీ, అలిగిన అల్లుడు ఇంకా దిగి రాలేదా?"

లోకేశ్వరి తల దించుకుంది.

"ఊరుకో మునెమ్మా. పాప పొద్దుట్నుంచి నీళ్ళు గూడా తాగలా" అంది అమ్మ.

"నేనేమన్నానబ్బా! బర్రె చేపకపోతే దూడను ఇడుస్తాం. దీనికేం ఇడవాలో సూడమంటా ఉండా."

ఏ వైరైనా వదులైందేమోనని లోకేశ్వరి కంప్యూటరు వెనక్కి చెయ్యి పోనిచ్చింది. అమ్మ ఉలిక్కిపడింది.

"పాపా, ఆ తాయెత్తు ముట్టుకోవాకు!"

వెనక ఒకచోట పసుపు గుడ్డ చుట్టి, నల్లదారం కట్టి ఉంది. ఆయుధపూజ గంధం ఎండి పెచ్చులు కట్టింది. దిష్టికి కట్టిందనుకుని లోకేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ధనంజయను అడిగితే? కంప్యూటరు బాగుచేసిన రోజు, సెలవుకు ఇంటికి వచ్చి ఉన్న తను ఏదో అడగబోతే, "నీకెందుకు పాపా ఇయ్యన్నీ, పోయి టీ పెట్టుకోనిరా" అని నవ్వాడు. ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టేయడం. ఆదివారం సాయంత్రానికి ధైర్యం తెచ్చుకుని చేసింది. అతని భార్య ఎత్తింది.

"మాల ఏసుకోని శబరిమలకి పోయినాడమ్మా. ఫోను ఈడే పెట్టి పోయినాడు."

సోమవారం పొద్దున బాలసుబ్రమణ్యం ఆటోతో వచ్చాడు. వైరు పీకి, మిషన్‌ను గోనెసంచిలో చుట్టించాడు. అమ్మ మిషన్ పెట్టిన బల్లను తడిగుడ్డతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఆటో మలుపు తిరిగాక కంప్యూటరు దగ్గరికి వచ్చి, కొడవలితో నల్లదారం కోసి, తాయెత్తును లాగేసింది.

"ఇంక దిష్టి తగిలేదానికి ఈడ ఏముండాది?"

గుడ్డ విడిపోయింది. అందులోంచి గోరంత ఇనుప ముక్క మెరిసింది. పెన్‌డ్రైవ్.

"అమా, ఇదేంది?"

"ధనంజయ పెట్టినాడు. దీన్ని పెరికితే డబ్బా లెయ్యదు, ఎవుర్నీ ముట్టుకోనీవాకు అన్నాడు. పిల్లోళ్ళు పెరికేస్తారని నేనే గుడ్డ సుట్టి దారం కట్టినా. పండక్కి పూజ గూడా చేసినా."

లోకేశ్వరికి అప్పుడు అర్థమైంది. ఈ ముసలి కంప్యూటరుకు కొత్త డిస్కు నుంచి లేవడం చేతకాదు. రోజూ ఈ పెన్‌డ్రైవ్‌లోంచే లేస్తోంది. తను కెర్నల్ పెట్టిందేమో డిస్కులో. ఇన్ని రోజులూ మూసిన తలుపు ముందు అన్నం పెట్టి పోయినట్టే.

దాన్ని తిరిగి గుచ్చి, కొత్త కెర్నల్‌ను అందులోకి ఎక్కించింది. ఆపి, ఆన్ చేసింది. తెర మీద అమ్మ పేరు వచ్చింది. కింద, కార్డు దొరికిందని ఒక వరస.

ఈసారి ఆలోచించకుండా బాలసుబ్రమణ్యానికి ఫోను చేసింది. "సార్, నేను... పాలకేంద్రం మునిలక్ష్మి కూతుర్ని. కంప్యూటరు బాగైంది సార్. మిషన్..."

"ఈడ బిగించేసినాం పాపా. ఆఫీసులో గూడా మీ కేంద్రం మూసేసినట్టు ఎక్కించేసినారు." కొంచెం ఆగి, "నిన్న చెప్పుంటే బాగుండు కదమ్మా" అన్నాడు.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తెర వైపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు.

"ఏమని రాసుండాది?"

లోకేశ్వరి తెర మీది పేరు మీద వేలు పెట్టి, తీసేసింది.

"సరేలే, ఆపెయ్ పాపా. ఊరికే కరెంటు కాలతాది."

సాయంత్రమైంది. మునెమ్మ క్యాను నెత్తిన పెట్టుకుని వీధిలో పోయింది. గుమ్మం ఎదురుగా వచ్చినప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. అల్లుడి సంగతి అడగలేదు. పక్కూరి పాలకేంద్రానికి పోయే దారి అదే.