కడుపుమంటతో మార్చిన మదర్‌బోర్డు

మా ఆయన నెవిల్‌కి తన కంప్యూటర్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఏళ్ల తరబడి ప్రతి శనివారం ఆయన మా ఇంట్లో, స్నేహితుడు మెర్వ్ వాళ్లింట్లో కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంప్యూటర్లో ఇద్దరూ కలిసి ఒకే విమానం నడిపేవాళ్లు. బర్నీ విమానాశ్రయంలో లేచి హోబార్ట్‌లో దిగేసరికి నా కేకు తయారయ్యేది.

ఈ చలికాలం మెర్వ్ మానేశాడు. అడిగితే తీరిక లేదన్నాడు. తీరా చూస్తే శనివారాలు ఇంకో స్నేహితుడు క్లైవ్ ఇంట్లో గడుపుతున్నాడు. క్లైవ్ కొత్త కంప్యూటర్ కొన్నాడు మరి. ఇక మా ఆయనకు తిండి సహించలేదు.

“ప్రాసెసర్ మార్చాలి గ్లెన్. కొత్తది పాత మదర్‌బోర్డులో పట్టదు, అదీ మార్చాలి,” అన్నాడు నాతో.

“ఎందుకూ? ఆగిపోతోందా? వేడెక్కుతోందా?”

“క్లైవ్ దాంట్లో మబ్బులు కదులుతాయట.”

“మనదాంట్లోనూ కదులుతాయిగా!”

“వాడివి ఇంకా బాగా కదులుతాయి!”

“అయితే మార్చాల్సింది కంప్యూటర్ని కాదు, క్లైవ్‌ని.”

ఆయన నా మాట వింటేగా! కొత్తవి తెప్పించి బిగించుకున్నాడు.

మగవాళ్లంతా చేరి మరమ్మతులు చేసుకునే షెడ్డు ఒకటుంది మా ఊళ్లో. అక్కడో పద్ధతి. ఎవరైనా కొత్తది పెట్టుకుంటే, ఊడదీసిన బోర్డు అమ్ముకోరు, ముందుగా అడిగినవాడికి ఊరికే ఇచ్చేస్తారు. నెవిల్‌ది ఎప్పుడో అడిగి పెట్టుకున్నవాడు క్లైవ్.

“మెర్వ్‌ని లాక్కున్నది చాల్లేదా? నా బోర్డు కూడా కావాలా వాడికి?” అంటూ మా ఆయన, ప్రాసెసర్ కూర్చునే గుంటలోని వెంట్రుకల్లాంటి సూదుల మీద స్క్రూడ్రైవర్‌ని అడ్డంగా లాగేశాడు. నేను చెయ్యి పట్టుకునేలోపే అయిపోయింది. మూత పెట్టేసి, మర్నాడు నవ్వుతూ క్లైవ్ చేతిలో పెట్టొచ్చాడు.

ఆ శనివారం మెర్వ్ వచ్చాడు.

“ఒరేయ్ నెవ్, నీ బోర్డులో సూదులన్నీ వంగిపోయాయిరా. తీసేటప్పుడు చెయ్యి జారిందా?”

“క్లైవ్‌కి కదా ఇచ్చాను?”

“వాడు అడిగింది నాకోసమే. చలికాలం మొదట్లోనే నాది కాలిపోయింది. నీకు చెబితే నీది ఊడబీకి నా ముందు పెడతావు, నాకు తెలీదూ? అందుకే నోరు మూసుకుని, క్లైవ్ వాళ్లావిడ కంప్యూటర్ మీద ఆడుకుంటూ, నువ్వెప్పుడు మారుస్తావా అని చూస్తున్నా. మళ్లీ మనిద్దరం ఎగరొచ్చని.”

నెవిల్ మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇద్దరి మీదా.

“పోనీలేరా, దానికంత బాధెందుకు?” అన్నాడు మెర్వ్. “క్లైవ్ వాళ్లావిడ తనది నాకే ఇచ్చేసింది. వాళ్లది తీసుకుని నీతో ఎగిరితే ఏం బాగుంటుంది? ఇకనుంచి శనివారాలు క్లైవ్‌తోనే అని మాటిచ్చేశా.”

“మంచిదేరా,” అన్నాడు మా ఆయన. లేచి మెర్వ్‌ని గేటు దాకా సాగనంపాడు.