వీరవేణి చేతి పట్టీ

నానిన కొబ్బరి డొక్కల్ని కాలవలోంచి తీసి, గట్టుమీద కర్రతో బాది, పీచు ఆరబెట్టడం వీరవేణికి రోజూ ఉండే పని. పెళ్లయి అమలాపురం అవతలి ఈ ఊరొచ్చినప్పట్నుంచీ అదే. బాదీ బాదీ కుడిచేతి వేళ్లు కొయ్యబారిపోయాయి. అన్నం ముద్ద కలపాలన్నా ముడుచుకోవు. ఇంకెన్నాళ్లో బాదలేదు. ఊళ్లో అంగన్‌వాడీ పెడతారని, చదవడం రాయడం వచ్చినామెకి ఆయా పనిస్తారని విని, మధ్యాహ్నం పూట జరిగే పెద్దవాళ్ల బడిలో చేరింది. అవి ఊరూరా పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పుతున్న రోజులు.

బడి నడిపేది పోస్టుమాస్టారి కూతురు శ్రీదుర్గ. వీరవేణి చేతిలో బలపం నిలవడం లేదని పాత సైకిలు ట్యూబు కోసి అరచేతికి పట్టీ చేసింది. దానికి చిల్లు పెట్టి బలపం గుచ్చింది.

"వేళ్లతో పనిలేదు వీరవేణి గారూ. మణికట్టు కదపండి చాలు."

ఏడాది తిరిగేసరికి, చెయ్యి వాచినా, వీరవేణికి పేపరు చదవడం వచ్చింది. మిగతావాళ్లెవరూ గుణింతాల దాకా రాలేదు.

ఒకరోజు పక్కన కూర్చున్న సువార్తమ్మ సరదాకి ఆ పట్టీ తొడుక్కుని, పలకమీద 'గోదావరి' అని రాసేసింది. అదే పలకమీద వీరవేణికి వట్టి గీతలు కనిపించాయి. పట్టీ మళ్లీ తన చేతికి రాగానే అవి అక్షరాలయ్యాయి.

"మీరు నేర్చుకున్నదంతా ఇందులోకి దిగిపోయిందండి," అంది సువార్తమ్మ.

"రబ్బరు కదండీ, పీల్చుకుంటుంది," అని శ్రీదుర్గ తర్వాతి పాఠం తీసింది.

కాకినాడ నుంచి ఆఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. శ్రీదుర్గకి కంగారు పుట్టింది.

"ఒక్క పూట మీ పట్టీ అందరం పంచుకుందామండి."

"మళ్లీ ఇచ్చేస్తారు కదండీ?" అంది వీరవేణి.

"అయ్యో, ఎక్కడికి పోతుందండీ!"

ఆఫీసరు ముందు పట్టీ వరసగా చేతులు మారింది. అందరూ తప్పు లేకుండా పేర్లు రాశారు. వరస చివర వీరవేణి తోడికోడలు లోవమ్మ కూర్చుంది. ఆఫీసరు పేపరిస్తే గడగడా చదివేసింది. తర్వాత ఆయన వీరవేణికిచ్చాడు. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుంది. ఆయన నవ్వాడు. ఆడవాళ్లంతా నవ్వారు. శ్రీదుర్గ కొంచెం ఆలస్యంగా నవ్వింది.

ఆయా పని లోవమ్మకొచ్చింది.

వీరవేణి ఆమె ఇంటికెళ్లి పట్టీ అడిగింది. లోవమ్మ బియ్యం ఏరుతోంది. పట్టీ చేతికే ఉంది.

"నీ వేళ్లెలాగూ పనికిరావు కదక్కా. నీకిస్తే ఏం లాభం?"

శ్రీదుర్గ దగ్గరికెళ్తే, "ఆవిడ ఉద్యోగం పోతుంది కదండీ. మీకింకోటి కోసిస్తాను. మళ్లీ 'అ' నుంచి మొదలెడదాం," అంది.

కొత్త పట్టీతో 'ఋ' దాటకముందే బడి ఎత్తేశారు. ఊరంతా చదువుకున్నట్టు పైకి రాసి పంపారు. శ్రీదుర్గకి సభలో శాలువా కప్పారు.

వానలు పడ్డాక పీచు పని ఆగిపోయింది. పిల్లలకి వండగా మిగిలిన ఉప్మా లోవమ్మ పెడుతుందేమోనని వీరవేణి గిన్నె పట్టుకుని అంగన్‌వాడీకి వెళ్లింది. గుమ్మం పక్కన గోడమీద సుద్దతో ఏదో రాసుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అక్షరాలన్నీ వేళ్లు ముడుచుకోని చేత్తో రాసినట్టు, తన పలకమీద ఉన్నట్టే కుడివైపు ఒరిగున్నాయి. సొంత ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది.

సైకిలుమీద పోతున్న శ్రీదుర్గని ఆపింది.

"ఏం రాశానండి నేను?"

శ్రీదుర్గ కాలు కిందకానించి, గోడవైపు చూసి, చదివింది.

"పని లేనివారు లోపలికి రాకూడదు."